శరణార్థి యువత – సంఘసేవ

రామేశ్వరం నుండి ధనుష్కోటికి పోయే దారిలో సముద్రపు ఒడ్డున కోదండరామస్వామి ఆలయం ఉంది. విభీషణుడు లంకను విడిచి వచ్చి శ్రీరాముని శరణు వేడిన చోటు అదేనని అక్కడివారి నమ్మకం. 1964 డిసెంబరులో వచ్చిన పెనుతుపానుకు ధనుష్కోటి పట్టణం సముద్రం పాలైనా ఆ గుడి మాత్రం నిలిచింది.

శరణాగతిని గూర్చి మన పెద్దలు చెప్పే కథలలో రెండు చాలా ప్రసిద్ధమైనవి. ఒకటి శిబి చక్రవర్తి కథ. డేగకు జడిసి వచ్చి తనను ఆశ్రయించిన పావురాన్ని కాపాడటానికి ఆయన తన శరీరంలోని మాంసాన్నే కోసి ఇచ్చాడు. రెండవది విభీషణుని కథ. రెండింటిలోనూ శరణు ఇచ్చినవారి గొప్పతనాన్నే అందరూ పొగుడుతారు. కాని ఈ రెండు కథలకూ ఒక భేదం ఉంది. పావురం శరణు పొందింది. అంతటితో దాని కథ ముగిసింది. విభీషణుడు ఊరక కూర్చోలేదు. సముద్రాన్ని దాటే ఉపాయం అడిగితే చెప్పాడు. వానరుల వేషంలో వచ్చిన రావణుని చారులను గుర్తుపట్టి పట్టించాడు. శరణు దొరికిననాటి నుండే అతడు ఆ సేనలో ఒకడైనాడు. సుగ్రీవుడు మొదట అతణ్ణి అనుమానించిన మాట నిజమే. శత్రువు తమ్ముణ్ణి ఎలా నమ్మడమని అడిగాడు. ఆ అనుమానం నేటికీ శరణార్థులను వెంటాడుతూనే ఉంది.

యుద్ధం వలన గాని, జాతి, మతం, రాజకీయాభిప్రాయం కారణంగా పెట్టే హింస వలన గాని స్వదేశంలో బ్రతకలేక మరొక దేశంలో తలదాచుకొన్నవారిని శరణార్థులు అంటారు. తనకు ఆశ్రయం ఇవ్వవలసిందని కొత్త దేశపు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకొని, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారు ఆశ్రయార్థులు. 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందం వీరి హక్కులను నిర్వచించింది. భారతదేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. అయినా టిబెట్టు నుండి వచ్చినవారికి కర్ణాటకలోని బైలకుప్పెలో, ఒడిశాలోని చంద్రగిరిలో మన ప్రభుత్వం చోటు చూపించింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరినాటికి ప్రపంచంలో సుమారు 12 కోట్ల 30 లక్షలమంది ఇల్లు వాకిలి విడిచి పోవలసి వచ్చింది. ఇందులో సరిహద్దులు దాటినవారూ ఉన్నారు, స్వదేశంలోనే మరొక చోటికి తరలిపోయినవారూ ఉన్నారు.

పద్దెనిమిదేళ్ల యువకుడొకడు ఇలా వచ్చి శిబిరంలో చేరాడనుకొందాం. నిన్నటిదాకా అతడు తండ్రి దుకాణంలో లెక్కలు చూచినవాడు, చెల్లెలికి పాఠం చెప్పినవాడు, ఊరిలో పెళ్లి జరిగితే పందిరి వేయడానికి ముందు నిలిచినవాడు. ఇక్కడ అతనికి భోజనం వరుసలో నిలబడితే దొరుకుతుంది. దుప్పటి సంతకం పెడితే దొరుకుతుంది. పని చేద్దామంటే అనుమతి లేదు. చదువుకొందామంటే భాష రాదు. దరఖాస్తుపై నిర్ణయం నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి రాదు. తిండికి లోటు లేకపోయినా అతనికి ఒక లోటు కనబడుతుంది. తన అవసరం ఎవరికీ లేదు. పుచ్చుకోవడం తప్ప ఇవ్వడానికి అతనికి అవకాశమే లేదు. చుట్టుపక్కల ఊరివారు కూడా అతణ్ణి ఊరక కూర్చుని తినేవానిగానే చూస్తారు. అతడు ఎందుకు ఊరక కూర్చున్నాడో వారికి తెలియదు.

ఈ చిక్కును విప్పడానికి పలుచోట్ల ఎంచుకొన్న మార్గం సంఘసేవ. జీతం కోసం కాక పదిమంది మేలు కోసం చేసే పనిలో శరణార్థి యువతకు చోటు కల్పించడమే ఈ మార్గం. అది ఎక్కడ ఫలించింది, ఎక్కడ వికటించింది అన్నది తమిళనాడులోను, జర్మనీలోను జరిగిన కొన్ని సంగతులను చూస్తే తెలుస్తుంది.

1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై పెద్దయెత్తున హింసాకాండ జరిగింది. ప్రాణాలు అరచేత పట్టుకొని వేలాదిమంది పడవలలో పాక్ జలసంధిని దాటి రామేశ్వరం తీరానికి చేరారు. అటుపైన 2009 మే నెలలో యుద్ధం ముగిసేవరకు విడతలు విడతలుగా వచ్చినవారు మూడు లక్షలకు పైగా ఉంటారు. వారిని ముందుగా మండపంలోని శిబిరానికి తీసుకొనిపోయేవారు. ఆ శిబిరానికి పాత చరిత్ర ఉంది. బ్రిటిషువారి కాలంలో సిలోను తోటలకు కూలికి పోయేవారిని ఓడ ఎక్కించే ముందు అంటురోగాలు లేవని తేల్చడానికి అక్కడే నిలిపి ఉంచేవారు. ఒకప్పుడు కూలికోసం అటు పోయినవారి సంతతిలో కొందరు, ప్రాణరక్షణకోసం ఇటు వచ్చి అదే చోట దిగడం చరిత్రలోని వింత.

శిబిరాలలో కుటుంబానికి ఒక చిన్న గది. ప్రభుత్వం నెలనెలా కొంత సొమ్ము, బియ్యం ఇచ్చేది. బయటికి పోవాలంటే అనుమతి కావాలి. తనిఖీ రోజున అందరూ హాజరు పలకాలి. 1991 తరువాత ఈ ఆంక్షలు మరింత బిగిశాయి.

వచ్చినవారిలో చదువుకొన్నవారు, ఉపాధ్యాయులు, వైద్యం తెలిసినవారు ఉన్నారు. శరణార్థులకు శరణార్థులే సేవ చేసుకోవాలన్న తలంపుతో 1984లో ఈళం శరణార్థుల పునరావాస సంస్థ ఏర్పడింది. దీనిని స్థాపించిన ఎస్.సి. చంద్రహాసన్ న్యాయవాది. శ్రీలంక తమిళుల నాయకుడైన ఎస్.జె.వి. చెల్వనాయకం కుమారుడు. ఆయన కూడా శరణార్థిగానే మద్రాసుకు వచ్చాడు. ఈ సంస్థ శిబిరాలలోని యువతీయువకులకు తర్ఫీదు ఇచ్చి వారిచేతనే పనులు నడిపించింది. కొందరు ఆరోగ్య కార్యకర్తలైనారు. ఏ ఇంట పసిపిల్ల బరువు తగ్గింది, ఏ గర్భిణి మందు వేసుకోలేదు అన్నది వారు గడప గడపకూ పోయి చూచేవారు. కొందరు శిశువిద్యాలయాలు నడిపారు. బడి వదిలిన తరువాత సాయంకాలం పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు మరికొందరు. పుట్టిన బిడ్డల వివరాలు నమోదు చేయించడం కూడా ఒక పెద్ద సేవే. కాగితం లేని బిడ్డ రేపు ఏ దేశంలోనూ లెక్కలోకి రాడు. స్త్రీలు పొదుపు సంఘాలు పెట్టుకొన్నారు.

ఇదంతా శిబిరం లోపలి సేవ. శిబిరం కంచె దాటి ఆ సేవ బయటికి వచ్చిన సందర్భం 2004 డిసెంబరు 26. ఆనాటి సునామీలో ఒక్క నాగపట్టణం జిల్లాలోనే ఆరువేలమందికి పైగా మరణించారు. తీరంలోని మత్స్యకారుల కుటుంబాలు ఒక్క గంటలో సర్వం పోగొట్టుకొని తాత్కాలిక శిబిరాలకు చేరాయి. ఆ వేళ వారికి సహాయపడటానికి పోయినవారిలో శ్రీలంక శరణార్థి యువతీయువకులు కూడా ఉన్నారు. ఇల్లు పోవడం, రాత్రికి రాత్రి శిబిరంలో నిద్రించవలసి రావడం, ఎవరో ఇచ్చిన బట్ట కట్టుకొనవలసి రావడం, కనబడకుండా పోయినవారికోసం జాబితాలు వెతకడం, ఇవన్నీ వారికి పుస్తకంలో చదివిన సంగతులు కావు. దుఃఖంలో ఉన్నవారితో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడకుండా పక్కన కూర్చోవాలో వారికి తెలుసు. ఇరవై ఏళ్లుగా తమిళనాడు ప్రజల ఆదరణను పొందినవారు తిరిగి ఆ ప్రజలకే చేయి అందించారు. శరణార్థి అన్న మాటకు ఆనాడు ఆ తీరంలో మరొక అర్థం వచ్చిందని చెప్పవచ్చు.

శరణార్థులు తమంతట తాముగా చేసిన సేవ ఇది. ప్రభుత్వమే చట్టం చేసి ఆశ్రయార్థులను సేవలోకి పిలిచిన ఉదాహరణ జర్మనీలో ఉంది.

జర్మనీలో ఒకప్పుడు యువకులు కొంతకాలం సైన్యంలో పనిచేయడం విధి. ఆయుధం పట్టడం తమ మనస్సాక్షికి విరుద్ధమన్నవారు దానికి బదులు ఆసుపత్రులలోను, వృద్ధాశ్రమాలలోను సేవ చేయవచ్చు. ఈ ఏర్పాటు 1961లో మొదలైంది. 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపివేయడంతో ఇదికూడా నిలిచిపోయింది. అర్ధశతాబ్దిపాటు ఆ యువకుల చేతుల మీదుగా నడిచిన ఆశ్రమాలకు ఒక్కసారిగా చేతులు కరవైనాయి. అందువలన ఆ సంవత్సరం జూలై 1 నుండి జాతీయ స్వచ్ఛంద సేవ అనే పథకం ప్రారంభమైంది. ఇందులో చేరడం నిర్బంధం కాదు. వయోభేదం లేదు, స్త్రీపురుష భేదం లేదు. సేవాకాలం సాధారణంగా ఒక సంవత్సరం. కొద్దిపాటి చేతిఖర్చు ఇస్తారు. పనితోపాటు శిక్షణ తరగతులూ ఉంటాయి.

2015లో సిరియా, ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ మొదలైన దేశాలనుండి దాదాపు 8 లక్షల 90 వేలమంది ఆశ్రయం కోరి జర్మనీకి వచ్చారు. వారిలో యువకులే ఎక్కువ. ఆ సంవత్సరం నవంబరులో ప్రభుత్వం ఆ సేవాపథకంలో శరణార్థులకు సంబంధించి ఏటా పదివేల స్థానాలవరకు ప్రత్యేకంగా కేటాయించింది. శరణార్థులకు సహాయం చేయదలచిన జర్మన్లూ, సేవ చేయదలచిన శరణార్థులూ ఈ స్థానాలలో చేరవచ్చు. భాషా తరగతులకు వీలుగా ఉండాలని వారానికి ఇరవై గంటలకు మించి చేస్తే చాలునని నియమాన్ని సడలించారు. ఈ ప్రత్యేక ఏర్పాటు 2018 చివరి వరకు నడిచింది.

ఒక వృద్ధాశ్రమంలో ఈ పని ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఉదయం చక్రాల కుర్చీలను భోజనశాలకు తీసుకొనిపోవాలి. చేతులు వణికేవారికి రొట్టెకు వెన్న రాసి ఇవ్వాలి. మధ్యాహ్నం తోటలో తిప్పాలి. మాటలు ఎక్కువ అవసరం లేని పనులు ఇవి. అయినా మాటలు నేర్పే పనులు కూడా ఇవే. వృద్ధులు నిదానంగా మాట్లాడతారు. చెప్పినదే నాలుగుసార్లు చెబుతారు. తప్పు పలికితే నవ్వి దిద్దుతారు. తొందరపడి గడియారం చూచుకొనే గుమాస్తాల కంటె కొత్త భాష నేర్చుకొనేవానికి వీరే మంచి గురువులు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే పిల్లలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వ్యాకరణం చదవకముందే ఆటలో, అంగడిలో, పొరుగింటి పనిలో ఆ భాష నోటికి వచ్చే ఉంటుంది.

మరొక విశేషం. ఆ ఆశ్రమాలలోని ముదుసళ్లలో కొందరు కూడా ఒకప్పటి శరణార్థులే. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన రోజులలో తూర్పు ప్రాంతాలనుండి సుమారు కోటి ఇరవై లక్షలమంది జర్మన్లు పారిపోయి వచ్చారు, లేదా వెళ్లగొట్టబడ్డారు. పసితనంలో తల్లి చేయి పట్టుకొని మంచులో నడచి వచ్చినవారు, ఊరివారు ఇష్టం లేకుండానే ఇచ్చిన గదిలో పెరిగినవారు వారిలో ఉన్నారు. అలెప్పో నుండి వచ్చిన కుర్రవానికీ, అటువంటి వృద్ధురాలికీ మధ్య మాటలతో పని లేకుండానే కొంత పరిచయం ఉన్నట్లే.

అయితే ఈ పథకం తలుపు అందరికీ ఒకే తీరుగా తెరుచుకోలేదు. దరఖాస్తుపై తీర్పు రానివారిలో, దేశంలో నిలిచే అవకాశం బాగా ఉన్నదనుకొన్నవారినే చేర్చుకొన్నారు. సురక్షితమైనవని ప్రభుత్వం ప్రకటించిన దేశాలనుండి వచ్చినవారికి చోటు లేదు. రేపు పంపివేయబోయేవానికి నేడు భాష ఎందుకని ప్రభుత్వపు వాదం. కాని ఆ రేపు ఎప్పుడు వస్తుందో తెలియక సంవత్సరాలు గడిపేవారు కూడా ఆ ఊరిలోనే, ఆ వీధిలోనే ఉంటారు. ఎవరికి సేవలో చోటు అవసరమో వారికే అది అందలేదన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం.

సేవ అన్న పేరుతో మరొక రకం పని కూడా అదే దేశంలో ఉంది. ఆశ్రయార్థులచేత శిబిరాలలోను, ఊరి ఉద్యానవనాలలోను ఊడ్చడం, శుభ్రం చేయడం వంటి పనులు చేయించి గంటకు ఇంత అని ఇస్తారు. 2016లో ఈ మొత్తాన్ని 1.05 యూరోల నుండి 80 సెంట్లకు తగ్గించారు. అప్పుడు జర్మనీలో కనీస వేతనం గంటకు 8.50 యూరోలు. తగిన కారణం లేకుండా ఆ పని నిరాకరిస్తే ప్రభుత్వం ఇచ్చే భృతిలో కోత పడుతుంది. చీపురు ఒకటే కావచ్చు. కాని తాను ఎంచుకొని పట్టిన చీపురుకూ, పట్టకపోతే కూడు తగ్గుతుందని పట్టిన చీపురుకూ చాలా దూరం. మొదటిది సేవ. రెండవదానికి ఆ పేరు పెట్టడం న్యాయం కాదు.

బ్రిటన్‌లో ఈ భేదాన్ని చట్టం మరొక విధంగా పాటిస్తుంది. అక్కడ ఆశ్రయార్థి దరఖాస్తు పెట్టి పన్నెండు నెలలు గడిచినా తీర్పు రాకపోతే, అదీ కొన్ని ఉద్యోగాలకు మాత్రమే, పని అనుమతి కోరవచ్చు. ధర్మసంస్థలకు, ప్రభుత్వ సంస్థలకు ఉచితంగా సేవచేయడానికి మాత్రం మొదటినుండి అవకాశం ఉంది. బస్సు ఖర్చు, భోజనం ఖర్చు పుచ్చుకోవచ్చు. కాని జీతగాడు చేయవలసిన పనిని జీతం లేకుండా చేస్తే అది సేవ కాదు, అనుమతి లేని ఉద్యోగం అవుతుంది. ఈ నియమం వినడానికి కఠినంగా తోచినా దానిలో ఒక మంచి ఉంది. ఉచితంగా చేసేవాడు దొరికాడని యజమాని కూలివానిని తొలగిస్తే, ఆ కూలివాడు శరణార్థిని ఎన్నటికీ క్షమించడు. జర్మనీ సేవాపథకంలో కూడా స్వచ్ఛంద సేవకుడు జీతపు ఉద్యోగి స్థానాన్ని ఆక్రమించరాదన్న నియమం ఉంది.

2021 జూలై 14, 15 తేదీలలో జర్మనీలోని ఆర్ నది లోయలో ఘోరమైన వరద వచ్చింది. ఆ లోయలోనే 130 మందికి పైగా చనిపోయారు. ఇళ్లలో నడుములోతు బురద పేరుకొంది. నలుమూలలనుండి పారలు, బకెట్లు పట్టుకొని వచ్చిన స్వచ్ఛంద సేవకులలో సిరియా శరణార్థులు బృందాలుగా ఉన్నారు. వారిని ఏ పథకమూ పిలవలేదు, ఏ కార్యాలయమూ పంపలేదు. ఆరేళ్ల క్రితం తాము వచ్చినప్పుడు స్టేషన్లలో నీళ్లు, రొట్టె ఇచ్చినవారి దేశమిదని వారిలో పలువురు పత్రికలవారితో అన్నారు.

సేవచేసినవారికి పౌరసత్వం త్వరగా ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్నకు జర్మనీ రెండేళ్లలో రెండు సమాధానాలు ఇచ్చింది. 2024 జూన్ 27న అమలులోకి వచ్చిన చట్టం పౌరసత్వానికి ఉండవలసిన నివాసకాలాన్ని ఎనిమిదేళ్ల నుండి ఐదేళ్లకు తగ్గించింది. భాషలో మంచి ప్రావీణ్యం సంపాదించి, తన కాళ్లమీద తాను నిలబడి, చదువులోనో వృత్తిలోనో స్వచ్ఛంద సేవలోనో విశేషంగా రాణించినవారికి మూడేళ్లకే ఇవ్వవచ్చునన్నది. 2025 అక్టోబరులో ఆ మూడేళ్ల వెసులుబాటును రద్దు చేశారు. ఐదేళ్ల నియమం నిలిచింది.

తమిళనాడులో శ్రీలంక శరణార్థుల స్థితి వేరు. 2021 లెక్కల ప్రకారం వందకు పైగా శిబిరాలలో సుమారు 58 వేలమంది, బయట మరి 34 వేలమంది ఉన్నారు. ఆ సంవత్సరం ఆగస్టులో రాష్ట్రప్రభుత్వం 317 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించి, 7,469 కొత్త ఇళ్లు కట్టించడానికి పూనుకొంది. శరణార్థుల శిబిరాలన్న పేరు తీసివేసి శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలని పిలవాలని నిర్ణయించింది. గదులు మారుతున్నాయి, పేరు మారింది. శిబిరాలలో పుట్టినవారు ఇప్పుడు తల్లులూ తండ్రులూ అయినారు. అయినా 1987 జూలై 1 తరువాత ఇక్కడ పుట్టినవారికి, తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులు కాకపోతే, పుట్టుకవలన పౌరసత్వం రాదు. ఇంజనీరింగు చదివి గోడలకు రంగులు వేసే యువకులు ఈ శిబిరాలలో చాలామంది.

సాయంకాలపు తరగతులు మాత్రం నడుస్తూనే వచ్చాయి. అక్కడ పాఠం చెప్పే యువతి ఒకప్పుడు అదే చాపమీద కూర్చుని చదువుకొన్నదే కావచ్చు. ఆమె దిద్దించిన పిల్లలు మరునాడు ఊరి ప్రభుత్వ పాఠశాలలో పరీక్ష రాస్తారు. ఆ పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరడానికి కావలసిన చదువు ఆమెకు ఉంది, పౌరసత్వం లేదు.